వెలుతురును మోయు అంకెలు

సినిమా దృశ్యములను కత్తిరించి కూర్చువాడు ఎడిటరు. వానిలో లేని మంటలను, వరదలను చేర్చువారు వేరు. వీరి కంప్యూటర్ ప్రోగ్రాములును వేరే. మరి బొమ్మ ఒకచోటి నుండి ఇంకొకచోటికి ఎట్లు పోవును?

ముందుగా పోవునది బొమ్మ కాదు, ఒక జాబితా. ఏ రీలులో ఎన్నవ ఫ్రేము నుండి ఎన్నవ ఫ్రేము వరకు కావలెనో అందుండును. సెకనుకు 24 ఫ్రేములని ఒక ప్రోగ్రాము, 23.976 అని మరొకటి లెక్కించినచో గంటకు 3.6 సెకనుల తేడా వచ్చును.

అసలు చిక్కు వెలుతురుతోనే. 8 బిట్ల చిత్రములో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే, పైమెట్టు 255. తెల్లగోడ ఆ మెట్టును చేరినచో, దానికి 10 రెట్లు ప్రకాశించు దీపమును అక్కడనే ఆగిపోవును. తరువాత పగటిని రాత్రిగా మార్చుటకు వెలుగు తగ్గించి చూడుడు: గోడ, దీపము రెండును ఒకే బూడిదరంగు! కెమెరా పట్టిన దానిని దారిలో పారబోసితిమన్నమాట.

అమెరికాలోని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ రూపొందించి 2003లో అందరికిని విడుదల చేసిన ఓపెన్ ఇ.ఎక్స్.ఆర్. పద్ధతిలో ఈ నష్టము లేదు. ఇందు 16 బిట్లతో, బిందువు అటునిటు జరుగగల సంఖ్యలను వ్రాయుదురు. గోడకు 1 వేసినచో దీపమునకు 10 వేయవచ్చును; 65,504 వరకు చోటున్నది. ప్రతి ఫ్రేమును వరుస అంకెతో విడి ఫైలుగా పంపుదురు. బరువెక్కువే, అయినను ఒక ఫ్రేము చెడినచో దానినొక్కదానినే మరల చేసిన చాలును.

దృశ్యమునకు ముందు వెనుకల కొన్ని ఫ్రేములు అదనముగా పంపుట ఆచారము. ఎడిటరు రేపు మనసు మార్చుకొనవచ్చును గదా!