ఎంతమందిలో ఎందరు? చాదర్‌ఘాట్ గల్లీలో అపోహలు – వాస్తవాలు

2020 జులైలో మా చాదర్‌ఘాట్ గల్లీలో ఒక పెద్దావిడ రోజూ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చునేది. లోపలి గదిలో భర్తకు కరోనా. మూడు పూటలా ఆయనకు జావ, వేడినీళ్లు, మాత్రలు అందించేది ఆమే. ఆమెకూ దగ్గు మొదలైంది. “పెద్దమ్మా, నువ్వు కూడా టెస్టు చేయించుకోరాదా?” అన్నాను. “నాకేమైతది బిడ్డా, ఇది మగోళ్ల రోగమంటున్నరు గదా. ఆయనకు నయమైతే సాలు” అంది.

ఆ మాట ఆమె సొంతంగా పుట్టించింది కాదు. టీవీలో రోజూ వచ్చే లెక్కల్లోంచి గల్లీలోకి దిగిన మాట. ఆ లెక్కలు అబద్ధం కావు. మనం వాటిని చదివిన తీరులోనే పొరపాటు ఉంది.

అపోహ: కరోనా ఆడవాళ్లకు అంతగా సోకదు.

దేశంలో కరోనాతో చనిపోయినవాళ్లలో 70 శాతం మగవాళ్లేనని 2020 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఇది చనిపోయినవాళ్ల సంగతి. సోకినవాళ్ల సంగతి తెలియాలంటే రక్తం పరీక్షించి చూడాలి. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో ఆ పనే చేశాయి. 30 వార్డుల్లో పదేళ్లు దాటిన సుమారు 9,000 మందిని పరీక్షించి, 2021 మార్చిలో ఫలితాలు చెప్పాయి. మొత్తం మీద 54 శాతం మందిలో, రోగం సోకిందనడానికి గుర్తైన యాంటీబాడీలు కనిపించాయి. మగవాళ్లలో 53 శాతం, ఆడవాళ్లలో 56 శాతం. అంటే ఆడవాళ్లకు ఏమాత్రం తక్కువగా సోకలేదు. యాంటీబాడీలున్న ప్రతి నలుగురిలో ముగ్గురికి తమకు రోగం వచ్చి పోయిందన్న సంగతే తెలియదు.

మరి మగవాళ్లే ఎక్కువగా ఎందుకు పోయారు? కారణం కొంత శరీరంలోనే ఉంది. రోగనిరోధక శక్తికి పనికొచ్చే జన్యువులు కొన్ని ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడవాళ్లకు ఆ క్రోమోజోమ్‌లు రెండు, మగవాళ్లకు ఒకటే. వైరస్‌ను మొదట అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌లనే దెబ్బతీసే యాంటీబాడీలు కొందరి ఒంట్లో ఉంటాయి. తీవ్రమైన కోవిడ్ వచ్చిన 987 మందిని 2020లో పరీక్షిస్తే 101 మందిలో అవి బయటపడ్డాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లే. దీనికి సిగరెట్, గుండెజబ్బు తోడైతే ముప్పు పెరుగుతుంది.

అపోహ: పోయినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ కాబట్టి, రోగం వచ్చిన ఆడమనిషికి భయం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదేనని నా నమ్మకం. 2020 మే 20 వరకు దేశంలో నమోదైన కేసులను కొందరు పరిశోధకులు లెక్కగట్టారు. పాజిటివ్ వచ్చినవాళ్లలో 66 శాతం మగవాళ్లు. కానీ పాజిటివ్ వచ్చిన మగవాళ్లలో చనిపోయింది 2.9 శాతమైతే, ఆడవాళ్లలో 3.3 శాతం.

ఇదెలాగో మందుల చీటీ వెనకాల పెన్నుతో వేసి చూసుకోవచ్చు. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. వందమంది మగవాళ్లకు సోకింది, అందరికీ టెస్టు చేశారు, ముగ్గురు పోయారు. రేటు 3 శాతం. వందమంది ఆడవాళ్లకూ సోకింది, ఇద్దరే పోయారు. అయితే టెస్టు జరిగింది యాభై మందికే, అదీ బాగా ముదిరి ఆస్పత్రికి వచ్చినవాళ్లకే. రేటు 4 శాతమై కూర్చుంటుంది. చావుల అంకె చూసి “మగవాళ్ల రోగం” అంటాం, శాతం చూసి “ఆడవాళ్లకే ప్రమాదం” అంటాం. శాతం కట్టేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారో అడగకపోతే రెండు మాటలూ తప్పే.

పెద్దమ్మ విషయానికొస్తే, పదోరోజుకు రెండు మెట్లెక్కినా ఆయాసం వచ్చింది. పక్కింటి అబ్బాయి తెచ్చిన ఆక్సీమీటర్ వేలికి పెడితే 91 చూపించింది. కింగ్ కోఠి ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లారు. పాజిటివ్ అన్నారు. బతికి ఇంటికొచ్చింది. అంతవరకూ ఏ లెక్కలోనూ ఆమె లేదు.

అపోహ: పోయినవాళ్లలో సగంమంది అరవై లోపువాళ్లే. కాబట్టి వయసుతో పనిలేదు.

అదే 2020 అక్టోబరు లెక్కలో 53 శాతం మరణాలు అరవై దాటినవాళ్లవి. మన జనాభాలో వాళ్లు పదిమందిలో ఒకరు మాత్రమే. అంత చిన్న గుంపులోంచి అన్ని మరణాలు! ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల తొలి నెలల కేసులపై ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 5–17 ఏళ్ల పాజిటివ్‌లలో చనిపోయింది 0.05 శాతం, 85 దాటినవాళ్లలో 16.6 శాతం. అయితే మన దగ్గర నడివయసువాళ్లు కూడా తక్కువేమీ పోలేదు. దేశం మొత్తం మరణాల్లో 35 శాతం 45–60 ఏళ్లవాళ్లవే. షుగరు, బీపీ మన ఇళ్లలోకి నలభైకే వస్తున్నాయి మరి.

అపోహ: షుగరుంది, వయసైంది, ఎలాగూ పోయేవాడే.

ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. అప్పట్లో రాష్ట్ర బులెటిన్ కూడా మరణాలను కరోనావి, ఇతర జబ్బులవి అని రెండుగా విడదీసి చూపించేది. మూసీ ఒడ్డున మూసానగర్‌లోనో కమల్‌నగర్‌లోనో షుగరు మాత్రలు వేసుకుంటూ బండి నడుపుకునే మనిషి ఇంకో పదిహేనేళ్లు బతకగలడు. అలాంటి మనిషిని కరోనా వచ్చిన వారం తీసుకుపోయింది వైరస్సే.

వయసు గురించి ఇంకో మాట కూడా నడిచింది. 2021లో “మూడో వేవ్ పిల్లల్నే పట్టుకుంటుంది” అన్నారు. నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలో పడకలు సిద్ధం చేశారు, మంచిదే. 2022 జనవరిలో ఒమిక్రాన్ వేవ్ వచ్చింది, పిల్లల్ని ఏరుకుని మాత్రం పోలేదు.

అపోహ: ఏ అంటురోగమైనా ముసలివాళ్లనీ, మగవాళ్లనీ ఎక్కువ తీసుకుపోతుంది.

1918 ఇన్‌ఫ్లుయెంజా సరిగ్గా దీనికి తలకిందులు. 1911లో కోటీ 33 లక్షలు దాటిన నిజాం రాజ్య జనాభా 1921 నాటికి కోటీ 24 లక్షల చిల్లరకు పడిపోయింది. ప్లేగు, కరవులతోపాటు ఆ జ్వరమూ ఊళ్లను ఊడ్చేసింది. దేశమంతటా 20–40 ఏళ్లవాళ్లే ఎక్కువగా పోయారని, మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువని 1921 జనగణన అధికారి మార్టెన్ రాశాడు. ఇంట్లో అందరికీ సేవ చేసి, తనకు జ్వరమొచ్చినా పొయ్యి దగ్గరే నిలబడ్డవాళ్లు వాళ్లు.

దీనికి తలకిందులైన ఇంకో రోగం మన ఇంటి కుళాయిలోంచే వచ్చింది. 2005లో పాతబస్తీలో తాగునీటి పైపుల్లోకి మురుగు చేరి హెపటైటిస్–ఇ కామెర్లు వ్యాపించాయి. మామూలు మనుషుల్లో చాలా తక్కువమందిని తీసుకుపోయే ఈ రోగం, ఆఖరి మూడు నెలల గర్భిణులకు వస్తే నూటికి 20 నుంచి 25 మంది ప్రాణాలు తీయగలదు. కడుపుతో ఉన్న పాతికేళ్ల ఆరోగ్యవంతురాలికి మిగతావాళ్లకన్నా ఎక్కువ ముప్పు! కుళాయి నీళ్లు రంగు మారినా, వాసనొచ్చినా కాచి తాగాలి. కడుపుతో ఉన్న అమ్మాయికి కళ్లు పచ్చబడితే పసరు మందుకని ఊరికి పంపకండి. సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రికి చాదర్‌ఘాట్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాలే. అదేరోజు తీసుకెళ్లండి.