ఖాళీ గెలల నారకు క్రొత్త పని

ఏలూరు, అశ్వారావుపేట ప్రాంతముల పామాయిలు రైతులకు ఖాళీ గెల క్రొత్తది కాదు. 100 టన్నుల గెలలు మిల్లునకు తోలినచో, పండ్లు రాల్చిన పిదప 20 టన్నులకు పైగా ఖాళీ గెలలే మిగులును. వీని నారతో సూక్ష్మతరంగములను మ్రింగు పలకలు చేయవచ్చునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ పలకలెట్టివో, వానివలన రైతునకు కలుగు లాభమేమో సభ్యులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

సెల్‌ఫోను, రాడారు, మైక్రోవేవ్ పొయ్యి, ఇవియన్నియు సూక్ష్మతరంగములతో పనిచేయును. పొయ్యిలోని తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అద్దముపై బడిన యెండవలె, ఈ తరంగములు లోహపు రేకుపై బడి వెనుకకు మరలును. రాడారు పరికరములను పరీక్షించు గదులలో ఇట్లు మరలిన తరంగములు కొలతలను చెఱచును. కావున అచ్చటి గోడలకు తరంగములను మ్రింగు పలకలు బిగింతురు.

ఇట్టి పలకలలో వాడు పదార్థములలో ఫెర్రైటు ముఖ్యమైనది. ఇనుప భస్మమును నికెలు, జింకు మున్నగు లోహముల భస్మములతో కలిపి కాల్చిన అయస్కాంత పదార్థమిది. 1930లో జపానునందు కాటో, టకేయి అను పండితులు దీనిని కనిపెట్టిరి. తరంగములోని శక్తిని ఇది వేడిగా మార్చును. కాని ఇది బరువైనది, పెళుసైనది. అందుచే దీనిని పొడిచేసి ప్లాస్టిక్కులో కలుపుదురు. అందు నారను చేర్చినచో పలక తేలికయగును, ప్లాస్టిక్కు ఖర్చు తగ్గును, శక్తిలో కొంత భాగమును నారయు హరించును. మలేషియాలోని పుత్ర విశ్వవిద్యాలయమువారు ఖాళీ గెలల నారను, మట్టిలో క్రమముగా శిథిలమగు ఒక ప్లాస్టిక్కుతో కలిపి పలకలు చేసి పరీక్షించిరి. ఉక్కు కర్మాగారములలో రాలు పొట్టునుండి తీసిన ఇనుప భస్మమును గూడ అందు చేర్చి చూచిరి. తనపై బడిన శక్తిలో 100కి 90 పాళ్లు వెనుకకు మరలనీయని పలకను మంచిదిగా ఎంచుదురు.

నారకు ఒక లోపము కలదు. అది తేమను పీల్చి ఉబ్బును. అపుడు ప్లాస్టిక్కు పట్టు వదలును. కావున నారను కడిగి, నూనె పోగొట్టి, తఱచుగా కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టి, చక్కగా ఆరబెట్టవలెను. ఇది ఇంటి వాకిట చేయు పని కాదు.

ఇక రైతు మాట. మనము గెలల ధర పుచ్చుకొని వత్తుము. ఖాళీ గెలలు మిల్లు ఆవరణలోనే నిలిచిపోవును. రేపు నారకు ధర పలికినచో ఆ లాభము రైతు గడప త్రొక్కునా? ముందుగా మాటాడుకొననిదే త్రొక్కదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱొకటి. ఖాళీ గెలలలో పొటాషు మెండు. చెట్ల పాదులలో పఱచినచో నేల తడి నిలుచును, మన పొలమునుండి పోయిన సారములో కొంత తిరిగి పొలమునకే చేరును. నార పలకలు ఇంకను ఎక్కువగా ప్రయోగశాలలలోనే యున్నవి. చెట్టు ఆకలి మాత్రము ఏటేట ఉన్నదే.

కావున సభ్యులకు మా సలహా యిది. నారకు గొప్ప ధర వచ్చునని చెప్పువారికి బయానా లీయకుడు. మిల్లుతో ఒప్పందము మాటాడునపుడు, తోలిన గెలలనుబట్టి ఖాళీ గెలలలో మన వంతు తిరిగి ఇయ్యవలెననియు, అమ్మినచో వచ్చిన సొమ్ములో భాగముండవలెననియు సంఘము పక్షమున అడుగుడు. ఒక్కడు అడిగిన మాట గాలికి పోవును. సంఘము అడిగిన మాట కాగితమున కెక్కును.