ఈ డేగ ఎవరి పిల్ల?

తెలంగాణ నేతకార్మికులు ఎందరో స్థిరపడ్డ సూరత్‌లో సంక్రాంతికి ఆకాశమంతా పతంగులే. మాంజా తగిలి రెక్క తెగిన గద్ద నేల రాలితే, అది గద్దేనని ఎవరైనా చెబుతారు. ఎవరి సంచిలోనో నాలుగు ఈకలు, రెండు గోళ్లు మాత్రమే దొరికితే? నాటుకోడివని బుకాయిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు నిలవాలంటే అవి ఏ పక్షివో కోర్టులో తేలాలి.

ఈకలో పోచలు మొదలయ్యే చోట, కాడ లోపల ఎండిన రక్తపు గడ్డ చిన్నది ఉంటుంది. డీఎన్‌ఏ అక్కడ బాగా దొరుకుతుంది. ముందు మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తారు. కణానికి వందల ప్రతులు ఉంటాయి కాబట్టి పాతబడిన ఈకలోనూ ఎంతో కొంత మిగులుతుంది. అందులో సైటోక్రోమ్‌-బి అనే జన్యువు ముక్కను చదివి, తెలిసిన జాతులతో పోలుస్తారు. ఎన్నో జంతుజాతులకు ఒకే జత ప్రైమర్లు (చదవాల్సిన ముక్కను గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ పోగులు) పనికొచ్చే పద్ధతిని 2003లో లోకానికి చెప్పింది మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీయే. అత్తాపూర్‌లోని దాని లాకోన్స్ విభాగం అటవీ శాఖలు పంపే నమూనాలను పరీక్షిస్తుంది.

జాతి తేలినా చిక్కు తీరదు. వేట నేర్పిన డేగలకు కొన్ని దేశాల్లో మంచి ధర. బ్రిటన్‌లో అందుకే కొందరు అడవి గూళ్ల నుంచి పిల్లల్ని దొంగతనంగా ఎత్తుకొచ్చి, ‘మా పంజరంలో పుట్టినవే’ అనేవారు. 1990లలో ఆ మాటను డీఎన్‌ఏతో పరీక్షించారు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఊసెత్తదు. అందుకని కణకేంద్రకంలో పదేపదే తిరగరాసినట్టుండే చిన్న ముక్కల్ని లెక్కిస్తారు. ఒక్కో చోట పిల్లకు ఒక లెక్క తల్లిది, ఒకటి తండ్రిది. పంజరంలోని జంటలో ఎవరి దగ్గరా లేని లెక్కలు పిల్లలో పలుచోట్ల కనబడితే, ఆ జంట దాన్ని కనలేదు. ఒక్కచోటే తేడా వస్తే తొందరపడకూడదు, అది ఉత్పరివర్తనం కావచ్చు. నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా నచ్చేది ఈ నిదానమే.

పక్షి ఎలా చచ్చిందో మాత్రం డీఎన్‌ఏ చెప్పదు. విషమైతే రసాయన పరీక్ష వేరే కావాలి.

ఇంత శాస్త్రమూ ఈక దొరికిన మొదటి గంటలోనే పాడైపోగలదు. తడి ఈకను ప్లాస్టిక్ సంచిలో కుక్కితే బూజు పట్టి డీఎన్‌ఏ చివికిపోతుంది. చేతికి తొడుగు వేసుకోవాలి, నీడన ఆరబెట్టాలి, ఒక్కో ఈకనూ విడిగా కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ రోజున వెళ్లిందో ఆ కవరు మీదే రాయాలి.