ఇంట్లో చేసుకునే స్పీకరుకు ఏ ఆకారం పెట్టె మంచిది?

పాత మ్యూజిక్ సిస్టమ్ నుంచి ఊడదీసిన స్పీకరును అలాగే బల్ల మీద పెట్టి పాట వేస్తే గాయకుడి గొంతు వినిపిస్తుంది కానీ డోలు మోత వినిపించదు. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుపోతుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. బేస్ ధ్వనుల్లో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వెనక వెలువడే ధ్వనిని బంధించడానికే పెట్టె.

బేస్ బాగా రావాలంటే పెట్టెకు ప్రత్యేక ఆకారం కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి 50 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన తరంగానికి అడుగున్నర పెట్టెలోని మూలలు, వంపులు లెక్కలోకి రావు. లోపలి గాలంతా ఒకే స్ప్రింగులా పనిచేస్తుంది. దాని బిగువును నిర్ణయించేది ఘనపరిమాణం. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఎన్ని లీటర్ల పెట్టె కావాలన్నది.

ఆకారం ప్రభావం మధ్యస్థాయి స్వరాల దగ్గర మొదలవుతుంది. 12 లీటర్ల సమఘనంలో లోపలి భుజం సుమారు 23 సెంటీమీటర్లు. ఎదురెదురు గోడల మధ్య 750 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది, అదీ మూడు దిశల్లోనూ ఒకేచోట. అది పల్చని కోన్ గుండా బయటికొచ్చి గొంతును డబ్బాలోంచి వచ్చినట్టు మారుస్తుంది. అదే 12 లీటర్లను 14, 23, 37 సెంటీమీటర్ల కొలతలతో కడితే ఈ అనునాదాలు సుమారు 1,220, 750, 460 హెర్ట్జ్‌ల దగ్గరికి విడిపోతాయి. గోడలు వాలుగా పెడితే అనునాదం పోతుందనే నమ్మకం ఒకటుంది. పోదు, చోటు మారుతుంది, అంతే. పైగా వాలు కోతలు సరిగా కుదరక అతుకులు విడుస్తాయి.

బయటి అంచులది మరో సమస్య. ముందు పలక మీదుగా పాకిన ధ్వని అంచు తగలగానే చెదిరి, కాస్త ఆలస్యంగా మళ్లీ చెవికి చేరుతుంది. అమెరికాలోని ఆర్‌సీఏ శాస్త్రవేత్త హ్యారీ ఆల్సన్ 12 ఆకారాల పెట్టెలతో దీన్ని కొలిచి, 1951లో ఫలితాలు ప్రచురించారు. గోళం స్పందన అన్నిటికన్నా సాఫీగా ఉంది. సమఘనంలో ఎత్తుపల్లాల మధ్య తేడా సుమారు 10 డెసిబెల్లు. స్పీకర్ సరిగ్గా పలక మధ్యలో ఉండటంతో నాలుగు అంచుల నుంచీ ఆలస్యం ఒకేలా రావడమే కారణం.

మరి మట్టికుండ? బయటి నుంచి అది గోళానికి దగ్గరే, మట్టి గట్టిది కూడా. కానీ లోపల ఏ దిశలో చూసినా దూరం దాదాపు ఒకటే. 12 లీటర్ల గోళంలో మొదటి అనునాదం 800 హెర్ట్జ్ దగ్గర గట్టిగా పలుకుతుంది. దిండ్లలో వాడే పాలిస్టర్ దూది దండిగా కూరితే తప్ప అది అణగదు.

వడ్రంగి పనిలో కొత్తవారికి దీర్ఘచతురస్రాకారపు పెట్టే నయం. మూడు కొలతలూ వేర్వేరుగా ఉండాలి, స్పీకరును మధ్య నుంచి పక్కకు జరపాలి, లోపల ఒక అడ్డపట్టీ, దూది ఉండాలి. ముందు అంచులను రెండు మూడు సెంటీమీటర్లయినా గుండ్రంగా చెక్కాలి. పెన్సిల్ మందాన చెక్కితే చూపుకే అందం. మూసేసిన పెట్టెలో గాలి లీకైతే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. బేస్ ఎక్కువున్న పాట పెట్టి, వెనక అతుకుల దగ్గర అగరుబత్తి పట్టుకుంటే లీకున్నచోట పొగ వణుకుతుంది.