మీకు తెలుసా? బొమ్మ విమానానికి ముందు స్నానం, తర్వాతే రంగు

ప్లాస్టిక్ విమానం కిట్ కొన్న కొత్తవాళ్లు డబ్బా తెరవగానే జిగురు కోసం వెతుక్కుంటారు. చేయి తిరిగినవాళ్లు సబ్బు కోసం చూస్తారు. కిట్‌లోని భాగాలను కరిగిన పాలిస్టైరీన్‌తో అచ్చుల్లో పోతపోస్తారు. అవి అచ్చును వదిలి సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు పదార్థం ఒక్కోసారి భాగాల మీదే కంటికి కనబడని పొరగా ఉండిపోతుంది. దానికి మన వేళ్ల జిడ్డు తోడు. ఇక రంగెలా పట్టుకుంటుంది? గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు, ఒక పాత టూత్‌బ్రష్ ఉంటే చాలు. నీళ్లు మరీ వేడిగా ఉంటే మాత్రం రెక్కలు వంకరపోతాయి.

రంగుకు ముందు వేసే అడుగుపూత, అంటే ప్రైమర్, ఉన్నది రంగు పట్టించడానికే అనుకుంటాం. తప్పులు పట్టించడం దాని అసలు పని. విమానం ఒళ్లు సాధారణంగా రెండు సగాలుగా వస్తుంది. అతికించాక ముక్కు నుంచి తోక దాకా ఒక గీత మిగులుతుంది. అక్కడ లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దుతారు. లప్పం తెల్లగా, ప్లాస్టిక్ బూడిదరంగులో ఉంటే చదును అయిందో లేదో కన్ను తేల్చుకోలేదు. అంతటా ఒకే రంగు ప్రైమర్ కొట్టి దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడండి, వెంట్రుకవాసి గాడి కూడా దాగదు. మళ్లీ లప్పం, మళ్లీ కాగితం, మళ్లీ ప్రైమర్. విసుగు పుట్టే పనే, కానీ మోడల్ బాగోగులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ తెచ్చిన పెంగ్విన్ కిట్లు, 1953లో ఎయిర్‌ఫిక్స్ తెచ్చిన స్పిట్‌ఫైర్ విమానం కిట్, అన్నీ 1/72 స్కేలువే. అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. ఈ లెక్కన మోడల్ మీద 0.05 మిల్లీమీటర్ల పూత పడితే, నిజం విమానానికి 3.6 మిల్లీమీటర్ల మందాన రంగు మెత్తినట్టే! రెక్కల మీది సన్నటి రేకు అతుకుల గీతలన్నీ పూడిపోవూ? అందుకే ఒక్క మందపాటి కోటు కన్నా మూడు నాలుగు పలచటి కోట్లు నయం. ఎయిర్‌బ్రష్‌లో పోసే రంగును పాలంత పలచగా కలపమని అనుభవజ్ఞులు చెప్పేది కూడా ఇందుకే.

పసుపు, ఎరుపు రంగులకు కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. బూడిదరంగు ప్రైమర్ మీద పసుపు వేస్తే మాసిపోయినట్టు కనిపిస్తుంది, తెల్ల ప్రైమర్ మీదైతే నిగనిగలాడుతుంది. మెరిసే లోహపు రంగుకు మాత్రం కింద నిగారింపు ఉన్న నల్లరంగు కావాలి. తళతళలాడే వెండికి అడుగున నలుపేమిటని కొత్తవాళ్లు నమ్మరు. ఒక చెంచా మీద వేసి చూస్తే వాళ్లే ఒప్పుకుంటారు.

వెండి అంటే గుర్తొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ యుద్ధవిమానం ముస్టాంగ్ పీ-51డీ ఫొటోల్లో ఆసాంతం వెండిలా మెరుస్తుంది. చాలామంది మోడల్‌కు కూడా ముక్కు నుంచి రెక్కల కొసల దాకా ఒకే లోహపు రంగు కొట్టేస్తారు. నిజానికి రంగు లేని అల్యూమినియం ఒంటికే పరిమితం. రెక్కల సంగతి వేరు. గాలి వాటి మీదుగా అలజడి లేకుండా జారాలి, చిన్న రివెట్ తల అడ్డొచ్చినా ఆ ఒరవడి చెడుతుంది. అందుకని ఫ్యాక్టరీలోనే రెక్కల మీది అతుకులకు, రివెట్లకు లప్పం పెట్టి, నున్నగా రుద్ది, ప్రైమర్ వేసి, ఆపైన వెండి రంగు పూసేవారు. మోడల్ చేసేవాళ్లు బల్ల మీద పడే పాట్లన్నీ ఆ కార్మికులు అసలు విమానం మీదే పడ్డారన్నమాట. ముస్టాంగ్ చేస్తుంటే రెక్కల మీది గీతలు చాలావరకు పూడ్చేయండి. ఒంటికి మెరిసే లోహపు రంగు, రెక్కలకు కాస్త మెరుపు తగ్గిన వెండి రంగు వేస్తేనే నిజానికి దగ్గరగా ఉంటుంది.

రంగుల్లో ఇంకో వింత గులాబీ రంగు స్పిట్‌ఫైర్. చూసి నవ్వకండి. తక్కువ ఎత్తులో ఎగురుతూ ఫొటోలు తీసే నిఘా స్పిట్‌ఫైర్‌లు కొన్నింటికి బ్రిటన్ లేత గులాబీ పూసింది. తెల్లవారుజామున, సంధ్యవేళ మబ్బుల్లో కలిసిపోవడానికి ఆ ఉపాయం.

రంగు అయ్యాక గుర్తులు అతికించే వంతు. మెరుపు లేని (మాట్) రంగు మీద నేరుగా డెకాల్, అంటే గుర్తులున్న పలచటి స్టిక్కర్, అంటిస్తే దాని కింద గాలి చిక్కి పొలుసులా తెల్లగా మెరుస్తుంది. గరుకు ఉపరితలంలోని సూక్ష్మమైన గుంటల్లో గాలి నిలిచిపోవడమే కారణం. ముందు ఒక నిగారింపు కోటు, దాని మీద డెకాల్, చివర్న మాట్ వార్నిష్. ఈ వరుస తప్పితే దిద్దుకోవడం కష్టం.

వరుస తప్పకూడనిది ఇంకోటి ఉంది. ల్యాకర్, ఎనామెల్ అని రెండు రకాల రంగులున్నాయి. ల్యాకర్ మీద ఎనామెల్ వేయొచ్చు. ఎనామెల్ మీద ల్యాకర్ కొడితే అందులోని ఘాటైన ద్రావకం కింది పొరను ముడతలు పడేలా చేస్తుంది.

ఇక విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవారికి ఒక మాట. ల్యాకర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ మోడల్ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లదనానికి సన్నటి తడిగా చేరి, రంగు మీద తెల్లటి మసక తేలుతుంది. ముసురు పట్టిన రోజున ల్యాకర్ జోలికి పోకండి. ఎండకాసిన రోజున కిటికీలు తెరిచి, ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని మొదలుపెట్టండి. మామూలు గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు.