పులుపు కాపలా ఎక్కడి దాకా

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో, రాత్రి నీళ్లలో కలిపి ఉంచిన పిండి తెల్లవారేసరికి పులిసి అంబలికి సిద్ధమవుతుంది. యూరప్‌లో ఇళ్లలో బీరు కాచుకునేవారి పీపాల్లో జరిగేది కూడా దీనికి దగ్గరి చుట్టమైన పనే. సూక్ష్మజీవులు ధాన్యంలోని చక్కెరలను తిని ఇక్కడ ఎక్కువగా లాక్టిక్ ఆమ్లాన్ని, అక్కడ ఎక్కువగా ఆల్కహాలును విడుస్తాయి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం నేరం కాబట్టి ఇంటి బీరు ఇక్కడి వంటగదికి సంబంధించిన మాట కాదు. అయితే ఆ బీరు కాచేవారిని వేధించే భయాలన్నీ అంబలి కుండ దగ్గర, దోసె పిండి గిన్నె దగ్గర, చద్దన్నం దగ్గర అచ్చంగా ఎదురవుతాయి.

ఆ భయాల్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వాటి గురించే ఉంటుంది. పులిసిన ద్రవం మీద పల్చగా, ముడతలుగా తేలే తెల్లటి పొర గాలి తగిలే చోట పెరిగే ఒక రకం ఈస్టు వల్ల ఏర్పడుతుంది. అది రుచిని పాడుచేస్తుందే గాని సాధారణంగా హాని చేయదు. పిండి గరిటెకు తీగలుగా సాగడం ల్యూకోనోస్టాక్ వంటి బ్యాక్టీరియా చక్కెర నుంచి అల్లే జిగురు వల్ల జరుగుతుంది, దోసె పిండిని పొంగించే పనిలో ముందుండేదీ ఆ బ్యాక్టీరియాయే. వేసవిలో పిండి మరీ పులిసిపోవడం ఉష్ణోగ్రతకు సంబంధించిన చిన్న పొరపాటు. పచ్చగా, నల్లగా నూగుతో లేచే బూజు, గులాబి రంగు మరకలు మాత్రం వేరు. అవి కనిపిస్తే పైపైన తీసేసి మిగిలింది వాడుకోవడం కాకుండా మొత్తం పారబోయవలసిందే.

ఈ తేడాలను శాస్త్రానికి నేర్పింది చాలావరకు బీరే. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద ప్రచురించిన గ్రంథంలో బీరు చెడిపోవడానికి పరాయి సూక్ష్మజీవులే కారణమని వివరించాడు. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఈస్టు కణం నుంచి శుద్ధమైన వంశాన్ని పెంచే పద్ధతిని సాధించాడు. వారి పని వల్ల తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పులియబెట్టడం ఒక పరుగు పందెం; కావలసిన జీవి ముందుగా, పెద్ద సంఖ్యలో దిగితే అది విడిచే ఆమ్లమో ఆల్కహాలో మిగతావాటికి తలుపు మూస్తుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 కంటే తగ్గిన చోట ప్రాణాంతకమైన బొటులినం బ్యాక్టీరియా పెరగలేదు. పులుపును మంచి కాపలాదారు అనడానికి ఆధారం ఇదే.

కానీ కాపలాదారు వచ్చేలోపు గడిచే గంటలున్నాయి. అన్నం వండినప్పుడు మామూలు బ్యాక్టీరియా చచ్చినా బాసిల్లస్ సెరియస్ అనే జీవి స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే దాని రూపాలు, మిగిలిపోతాయి. వేసవి రాత్రి ఆ అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకుని, వాంతులు పుట్టించే ఒక విషాన్ని తయారుచేయగలవు, ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. అన్నం చల్లారగానే నీళ్లు పోసి, కాస్త పుల్లటి మజ్జిగ తోడు వేయడం అనే పాత అలవాటు విలువ ఇక్కడ తెలుస్తుంది, ఎందుకంటే బీరు కాచేవారు కాచిన ద్రవాన్ని త్వరగా చల్లార్చి దండిగా ఈస్టు వేసేది కూడా ఈ ఖాళీ గంటలను తగ్గించడానికే. పాత్ర విషయం కూడా ఇలాంటిదే. కళాయి లేని ఇత్తడిలో పుల్లటిది ఉంచితే చిలుము కరిగి రాగి కడుపులోకి వెళుతుంది, దానికి సూక్ష్మజీవుల ప్రమేయమే అక్కర్లేదు.

ఇంకా ముందుకు, గింజ దాకా వెళ్లాలి. లేత జొన్న పైరు మేసిన పశువులు చనిపోతాయని రైతులందరికీ తెలుసు. ఆ లేత ఆకుల్లో సైనైడును విడిచే ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. మాల్టు కోసం మొలకెత్తించిన జొన్నలో, ముఖ్యంగా మొలకలో, అదే పదార్థం చేరుతుంది కాబట్టి మొలకలను, వేళ్లను ఎండబెట్టి నలిచి తీసేయకుండా పిండి పట్టించడం మంచిది కాదు. రాగులకు ఈ చిక్కు లేకపోయినా తడిబట్టలో మూటకట్టిన ఏ గింజకైనా బూజు ముప్పు ఉంది.

బూజు విడిచే విషాలు పులుపుకూ లొంగవు, మరుగుకూ సులభంగా లొంగవు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిన్న వందమందికి పైగా కాలేయం దెబ్బతిని మరణించగా, అఫ్లటాక్సిన్ అనే విషమే కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపారు. 2015 జనవరిలో మొజాంబిక్‌లోని చితిమా గ్రామంలో అంత్యక్రియల దగ్గర ఇంటి బీరు తాగి, దాన్ని కాచిన మహిళతో సహా 75 మంది మరణించారు. మొసలి పిత్తం కలిపారన్న పుకారు ముందుగా పాకింది గాని, పాడైన మొక్కజొన్న పిండిలో పెరిగిన ఒక బ్యాక్టీరియా విడిచిన బొంగ్‌క్రెకిక్ ఆమ్లం కారణమని పరీక్షల్లో తేలింది. ఆ బీరును కాచారు, పులియబెట్టారు. అయినా విషం పోలేదు.

దక్కన్‌కు ఇది పరాయి కథ కాదు. 1995లో కోతల వేళ కురిసిన వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న తిన్న గ్రామాల్లో కడుపునొప్పి, కడుపులో గడబిడ, విరేచనాలు వ్యాపించాయి; ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం అందులో ఉందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కనుగొన్నారు. ఎమ్మిగనూరు, ఆదోని వైపు నల్లరేగడిలో మిగిలిన తేమతో పండే రబీ జొన్న పొడి కాలంలో కోతకు వస్తుంది గనుక గింజ సాధారణంగా తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఖరీఫ్ పంట వాన మధ్య పండితే కంకి మీదే నల్లబడుతుంది. నల్లబడిన గింజను కడిగి, తేలినవి తీసేస్తే విషం భారం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అటువంటి గింజకు ధర తక్కువ పలుకుతుంది, తక్కువ ధరకు కొనుక్కోవలసినవారి ఇంటికే అది చేరుతుంది. 1995లో జబ్బు కనిపించింది తడిసిన గింజ తిన్న ఇళ్లలోనే.