సంచి కన్నా సంచిలోదే బరువు

మీకు తెలుసా? ఈసారి: కిరాణా సరుకులు, వంటిల్లు, కంచం

పర్యావరణం మాట రాగానే మన చూపు ముందు ప్లాస్టిక్ సంచి మీదికి పోతుంది. లెక్క తీస్తే ఆ పద్దు చిన్నదే. సంచిలో ఏం వేశాం, అది ఎలా పండింది, అందులో ఎంత పారేశాం అన్నవే పెద్ద పద్దులు. వాటిలో కొన్ని చూద్దాం.

● గుడ్డ సంచికి 131 సార్లు పని చెప్పాలి

ప్లాస్టిక్ కవరు మానేసి కొత్త గుడ్డ సంచి కొన్నంత మాత్రాన పుణ్యం వెంటనే ఖాతాలో పడదు. పత్తికి నీళ్లు, ఎరువులు, నేతకూ రంగుకూ కరెంటు బాగానే ఖర్చవుతాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో వాతావరణ లెక్కలో సమానం కావాలంటే గుడ్డ సంచిని 131 సార్లు వాడాలి. అలాగని ప్లాస్టిక్‌కు మార్కులు వేయనక్కర్లేదు. మురుగు కాలవలకు అడ్డుపడేదీ, ఆవుల కడుపులో చేరేదీ అదే. పాత చీరతోనో పాత ప్యాంటుతోనో సంచి కుట్టించుకుంటే ఈ 131 గొడవే ఉండదు. పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులు బీరువాలో ఉండగా ఇంకోటి కొనడమే దండగ.

● ఎంత దూరం నుంచి అన్నదాని కన్నా ఎందులో వచ్చిందన్నదే ముఖ్యం

ఆహారం వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో రవాణా వాటా ప్రపంచ సగటున 6 శాతం దాకానే. మిగతాదంతా ఎక్కువగా పొలంలోనూ పశువుల కొట్టంలోనూ పుట్టేదే. న్యూజిలాండ్ యాపిల్, కివీ సాధారణంగా ఓడలో వస్తాయి. టన్ను సరుకును కిలోమీటరు దూరం మోయడానికి విమానం ఓడ కన్నా సుమారు 50 రెట్లు ఎక్కువ ఉద్గారాలు వదులుతుంది. కాబట్టి అనుమానించాల్సింది త్వరగా వాడిపోయే గుణం ఉండి కూడా దూరదేశం నుంచి తాజాగా దిగిన సరుకును. మరి 1999 జనవరి 26న మొదలైన మన రైతుబజార్ల సంగతి? దళారీని తప్పించడం వాటి అసలు లాభం. కూర చేతులు మారేది తగ్గితే నలిగి కుళ్లేదీ తగ్గుతుంది.

● వరి మడి కూడా మీథేన్ వదులుతుంది

నీళ్లు నిలిచిన మడిలో అడుగు బురదకు గాలి అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో సుమారు 8 నుంచి 10 శాతం వరి పొలాలదే. నూరేళ్ల లెక్కన చూస్తే, బరువుకు బరువు మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

దీనికి మందు పొలంలోనే ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన ఆరుతడి పద్ధతిలో, బెజ్జాలు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతుతారు. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. దీంతో నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. మడాగాస్కర్‌లో పుట్టి మన దగ్గర ‘శ్రీ వరి’గా పేరు తెచ్చుకున్న సాగులోనూ నీళ్లు నిలవకుండా చూడటం ఒక ముఖ్య సూత్రం. తినేవాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే: రేపటికి మిగలనంత కొలిచి ఎసట్లో పోయడం.

● పప్పు తన ఎరువు తానే చేసుకుంటుంది

కంది, మినుము, పెసర మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. అందుకే యూరియా అవసరం బాగా తక్కువ. యూరియా తయారీకి సహజవాయువు కాలాలి. పొలంలో వేశాక దాన్నుంచి నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుములు చల్లి, మిగిలిన తడితోనే పంట తీయడం పాత అలవాటు.

కిలో ఆహారానికి ప్రపంచ సగటు ఉద్గారాలు, కార్బన్ డయాక్సైడ్‌తో సమానం చేసి చెబితే, ఇలా ఉంటాయి: మేక, గొర్రె మాంసం దాదాపు 40 కిలోలు, కోడిమాంసం 10 కిలోలు, గుడ్లు 5 కిలోల లోపు, బియ్యం 4 కిలోలకు కాస్త పైన, పప్పుధాన్యాలు 2 కిలోల లోపే. మేక నెమరు వేసేటప్పుడు వదిలే మీథేనే ఈ తేడాకు ప్రధాన కారణం. ఆదివారం మటన్ మానమని ఎవరూ అనలేరు గానీ, కాస్త మాంసానికి గోంగూరో దోసకాయో కలిపి కూర పెంచడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే.

● కొర్రలకు కాలవ నీళ్లు అక్కర్లేదు

భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే వానాధారంగా కొర్రలు, సామలు, జొన్నలు కలిపి పండిస్తూ, విత్తనాలు దాచుకుంటూ వచ్చాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి దక్కింది. వారంలో కొన్ని పూటలు అన్నం బదులు కొర్రన్నమో జొన్నరొట్టో తిన్నా బోరు నీటి మీద భారం తగ్గుతుంది.

● పారేసేదానిలో ఎక్కువ భాగం ఇళ్లదే

పెళ్లిళ్లనూ హోటళ్లనూ తిట్టుకుంటాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో తలకు ఏడాదికి సుమారు 55 కిలోలని అంచనా. ఇందులో తొక్కలు, టెంకలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి. అయినా ఫ్రిజ్‌లో వెనక్కి జరిగిపోయిన గిన్నెల వాటా తక్కువేం కాదు.

● రెండు తేదీలూ ఒకటి కావు

ప్యాకెట్ మీద ‘యూజ్ బై’ అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే ఆ తేదీ దాకా రుచి, కరకర బాగుంటాయని మాత్రమే అర్థం. పొడిగా, గట్టిగా మూసి ఉంచిన రవ్వ ఆ మర్నాడే విషమైపోదు. పురుగు, బూజు, వాసన చూసి తేల్చుకోవచ్చు. పాలు, మాంసం, చేపల దగ్గర మాత్రం ఈ ధైర్యం పనికిరాదు.

● అరటిపండు పక్కన కొత్తిమీర వద్దు

అరటి, మామిడి, టమాటా పండేటప్పుడు ఇథిలీన్ వాయువు వదులుతాయి. అది తగిలితే ఆకుకూరలు పసుపెక్కుతాయి, దోసకాయలు మెత్తబడతాయి. వాటిని వేరే బుట్టలో ఉంచితే రెండు మూడు రోజులైనా ఎక్కువ నిలుస్తాయి. పచ్చికాయ తొందరగా పండాలంటే ఇదే కిటుకును తిప్పి వాడుకోవచ్చు: పండిన అరటిపండు పక్కన పెడితే సరి.

● తెలగపిండి కూర ఎక్కడి నుంచి వచ్చిందంటే...

నువ్వులు గానుగాడి నూనె తీశాక మిగిలిన చెక్క పొడే తెలగపిండి. దాన్ని మునగాకుతో కూర వండుతారు, వడియాలు పెడతారు, బాలింతలకు పత్యంలో వడ్డిస్తారు. బీరపొట్టు పచ్చడి, ఎండలో ఆరబెట్టిన వంకాయ ఒరుగులు, రాత్రి అన్నంతో చద్దన్నం కూడా ఈ కోవలోవే. ఏదీ పారేయకుండా, ఫ్రిజ్ లేకుండా నడిచిన వంటిల్లు అది. తెలగపిండి మాత్రం తినడానికి అమ్మే గానుగ దగ్గరే కొనండి. పశువుల దాణా చెక్క వేరు.

● కుళ్లిన టమాటాతో కరెంటు

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్త పోగవుతుంది. నగరంలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సాంకేతికతతో పెట్టిన బయోగ్యాస్ ప్లాంట్ దాన్నుంచి రోజుకు 500 యూనిట్ల దాకా విద్యుత్తు, వంటకు గ్యాస్ తీస్తుంది. 2021 జనవరిలో ప్రధాని తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. అదే చెత్త డంపింగ్ యార్డులో గుట్టపడి ఉంటే గాలి అందక మీథేన్ అయ్యేది. ఇంట్లో తడి చెత్తను విడిగా ఇవ్వమనేది ఇందుకే: సీసాలు, కవర్లు కలిస్తే ఇలాంటి ప్లాంట్లు పనిచేయవు.

● మూత పెట్టినా ఆదాయే

పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం చెప్పే లెక్కల్లో, మామూలు గిన్నెతో పోలిస్తే ప్రెషర్ కుక్కర్‌లో అన్నానికి 20 శాతం, నానబెట్టిన శనగపప్పుకు 46 శాతం ఇంధనం మిగులుతుంది. గిన్నెలో వండినా మూత పెట్టి, ఉడుకు పట్టగానే మంట తగ్గించాలి. మరిగే నీరు ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కదు.

● ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు ఎదగడానికి ఆ గడువు. ఆ రోజుల్లో సముద్రపు చేప కోసం పట్టుబట్టకుండా చెరువులో పెరిగిన బొచ్చె, శీలావతి తెచ్చుకుంటే నిషేధానికి మనవైపు నుంచీ సాయం అందినట్టే.

● చెత్తబుట్టకూ బిల్లు వచ్చే దేశం

దక్షిణ కొరియాలో ఆహార వ్యర్థాలను నేలలో పాతిపెట్టడాన్ని 2005లోనే నిషేధించారు. 2013 నుంచి పారేసినంతకు రుసుము కట్టాలి. చాలా అపార్ట్‌మెంట్లలో కార్డు చూపితేనే డబ్బా మూత తెరుచుకుంటుంది. వేసింది తూచి ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. ఇప్పుడక్కడ ఆహార వ్యర్థాల్లో 95 శాతానికి పైగా ఎరువుగానో దాణాగానో ఇంధనంగానో మారుతోంది. మనకు ఆ బిల్లు రాదు. కానీ వాడిపోయి బుట్టలో పడే వంకాయకు కొన్నరోజే డబ్బు కట్టేశాం. ఈసారి రైతుబజారుకు బయల్దేరే ముందు ఫ్రిజ్ తెరిచి, ఉన్నవేంటో చూసి జాబితా రాసుకోండి.